పాత బజారు మేడను చదవడం ఎలా: ఎడ్వర్డ్ కాలపు వ్యాపార భవనాన్ని పరిశీలించి రాసి పెట్టుకునే పద్ధతి

బరంపురంలో హావ్‌డా రైలు ఎక్కని తెలుగు కుటుంబం మా గంజాం జిల్లాలో అరుదు. వైద్యానికో, సరుకు కొనుగోలుకో, కాళీఘాట్ దర్శనానికో కలకత్తా వెళ్ళినవారు చౌరంగీ మీదుగా ఒక్కసారైనా నడిచే ఉంటారు. అక్కడ సురేంద్రనాథ్ బెనర్జీ రోడ్డు మలుపులో, తెల్లని గోడల మీద బంగారు రంగు నగిషీలతో, గడియారపు గోపురంతో నిలిచిన మెట్రోపాలిటన్ బిల్డింగ్‌ను చూసి, ఎవరో రాజుగారి కోట కాబోలు అనుకుని ముందుకు సాగిపోవడం మామూలు. అది కోట కాదు, కొట్టు. వైట్‌అవే లైడ్లా అనే కంపెనీ 1905లో బట్టలు, ఇంటి సామాన్లు అమ్ముకోవడానికి కట్టించుకున్న దుకాణం. తరువాత మెట్రోపాలిటన్ అనే బీమా కంపెనీ చేతికి వచ్చి ఆ పేరు పొందింది. పాత భవనానికి నేడు వాడుకలో ఉన్న పేరు దాని మొదటి పేరు కాకపోవచ్చునని ఇక్కడే గుర్తు పెట్టుకోవాలి; నోటుపుస్తకం మొదటి పేజీలో పేర్ల కోసం రెండు గళ్ళు గీసుకోవాలి.

ఇంగ్లండును ఏడవ ఎడ్వర్డ్ ఏలిన 1901–1910 మధ్య, కొంచెం సాగదీస్తే మొదటి ప్రపంచయుద్ధం మొదలైన 1914 వరకు, కట్టిన వ్యాపార భవనాలకు ఒక ప్రత్యేకమైన పోలిక ఉంది. ఆ కాలంలో మన గంజాం మద్రాసు రాజధానిలో, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో, భాగం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గాని ఇటు చేరలేదు. అందువల్ల మన బజార్లలో ఆనాటి మేడలు ఎక్కడ మిగిలి ఉన్నా, వాటి ముఖంలో కలకత్తా ఛాయలు కనిపించినా, తల మీది కప్పు మాత్రం తరచు మద్రాసు మేస్త్రుల పద్ధతిలోనే ఉంటుంది. చదవడం కలకత్తాలో నేర్చుకుని, ఆ కన్నుతో మన వీధిలోని మేడను చూడడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. మరమ్మతు చేయించాలనుకునే యజమానులు దీన్ని ముందుగా చదవాలని నా కోరిక, ఎందుకంటే చదవకుండా చేసిన మరమ్మతు వల్ల మా ఇంట్లోనే ఒక మంచి గోడ పాడైంది. ఆ సంగతి దాని చోట చెబుతాను.

బయలుదేరే ముందు

కావలసిన సామగ్రి తక్కువ: పదిహేను మీటర్ల టేపు, తూకం గుండు, మంచి టార్చి, గళ్ళ కాగితాల పుస్తకం, మెత్తని పెన్సిలు, ఫోను. యజమాని అనుమతి ముందే తీసుకోవాలి. కింద అద్దెకున్న కొట్టువారికి కూడా వచ్చిన పని చెప్పాలి. కొలతలు తీస్తున్న మనిషిని చూస్తే కొట్టు ఖాళీ చేయిస్తారేమో అన్న భయం అద్దెదారులకు కలగడం సహజం, ఆ భయం పోగొట్టకుండా లోపల ఏ గదీ చూడలేరు. కార్తీకం నుంచి మాఘం దాకా ఎండ ఏటవాలుగా పడుతుంది కనుక మా ప్రాంతంలో ఈ పనికి అదే అనువైన కాలం. అయితే తడి మచ్చలు బయటపడేది శ్రావణ భాద్రపదాల్లోనే కాబట్టి వానల్లో ఒకసారి మళ్ళీ వెళ్ళక తప్పదు.

మొదట వీధికి అవతల నిలబడండి

దగ్గరికి వెళ్ళాలన్న తొందరను ఆపుకుని, మేడ మొత్తం కంటికి ఆనేంత దూరంలో కనీసం పావుగంట నిలబడాలి. ఎడ్వర్డ్ కాలపు వ్యాపార భవనం నిలువునా మూడు భాగాలుగా కనిపిస్తుంది. కింది అంతస్తు బరువుగా, పెద్ద పెద్ద రాతి దిమ్మలు పేర్చినట్లు లోతైన గీతలతో ఉంటుంది. నడుమ రెండు మూడు అంతస్తులను కలుపుతూ పొడవైన స్తంభాలు గాని, గోడకు అంటుకున్న స్తంభాకారాలు గాని సాగుతాయి. పైన గోడ తలన అంచులా బాగా ముందుకు చొచ్చుకు వచ్చిన పట్టీ (కార్నీసు), దాని మీద పిట్టగోడ, మధ్యలోనో మూలల్లోనో గోపురం ఉంటాయి. కమానుల నడినెత్తిన మేకులా దిగిన రాయి ఉండవలసిన దానికంటే పెద్దదిగా, ముందుకు పొడుచుకుని కనిపిస్తుంది. కిటికీల పైన త్రికోణపు ముఖపట్టం నడుమ తెగి, ఆ ఖాళీలో ఒక పూలగుత్తో డాలో అమరి ఉంటుంది. పదిహేడవ శతాబ్దం చివర ఇంగ్లండులో వెలసిన బరోక్ శైలిని మళ్ళీ తలకెత్తుకున్న కాలమిది. అన్నిటిలోనూ కొంత నిండుతనం, కొంత ఆర్భాటం ఉంటాయి.

గోపురం తరచు వీధి మలుపు వైపే ఎందుకు ఉంటుందో ఆలోచించండి. రెండు వీధుల్లో ఎటునుంచి వచ్చే కొనుగోలుదారుకైనా దూరం నుంచే కొట్టు ఆనవాలు తెలియాలి. పైన గడియారం ఉంటే రోజుకు నాలుగుసార్లు తల ఎత్తి చూడక తప్పదు. అలాగే చౌరంగీలో కాలిబాట మీదుగా సాగే కమానుల వరుసను గమనించండి. ఎండ, వాన తగలకుండా జనం కొట్టు అద్దాల పక్కనే నడవాలన్న వ్యాపార బుద్ధి అందులో ఉంది. మన బజార్లలో కొట్టు ముందు అరుగు, దానిపైన స్తంభాల మీద నిలిచిన వసారా చేసే పనీ అదే. ప్రతి అలంకారం పక్కనా అది చేసే పని ఒక్క మాటలో రాసుకుంటూ వెళితే, మీ పుస్తకం వట్టి వర్ణనల పట్టీగా మిగలదు.

తరువాత కిటికీల వెడల్పు చూడండి. బరువంతా ఇటుక గోడే మోయవలసిన పాత పద్ధతిలో కిటికీని వెడల్పు చేస్తే గోడ బలహీనపడుతుంది. ఉక్కు దూలాలు, ఉక్కు స్తంభాలు బరువును అందుకున్నాక గోడను కోసి పెద్ద అద్దాలు బిగించే వెసులుబాటు దొరికింది. లండన్‌లో 1906లో తెరిచిన రిట్జ్ హోటల్ ఉక్కు చట్రం మీద నిలిచిన తొలి పెద్ద భవనాల్లో ఒకటి. అయినా అప్పటి నిబంధనల ప్రకారం గోడలు మందంగానే కట్టవలసి వచ్చింది. 1909లో లండన్ కౌంటీ కౌన్సిల్ చట్టం మారి, ఉక్కు చట్రం ఉన్నచోట గోడ మందం తగ్గించవచ్చునని ఒప్పుకుంది. లివర్‌పూల్ రేవులో 1911లో పూర్తయిన రాయల్ లివర్ బిల్డింగ్ ఇంకో అడుగు ముందుకు వేసి, లోపల ఉక్కు చువ్వల కాంక్రీటు, బయట గ్రానైటు ధరించింది. నేడది ఆ దేశపు రక్షిత కట్టడాల పట్టికలో మొదటి శ్రేణిలో ఉంది. లోపల కొత్త ఎముకలు, పైన పాత ఉడుపు అన్నది ఆ కాలపు భవనాల అసలు లక్షణం. మీ ముందున్న మేడలో ఎముక ఎక్కడ, ఉడుపు ఎక్కడ అని వెదకడమే ఇకపై చేయవలసిన పని.

కాలం కట్టడం

పిట్టగోడ నడుమనున్న ముఖపట్టం మీద సంవత్సరం చెక్కి ఉంటే సగం శ్రమ తగ్గుతుంది. మన తెలుగు వర్తకులు క్రీస్తు శకానికి బదులు సంవత్సరం పేరు వేయించినచోట కొంచెం లెక్క అవసరమవుతుంది. ఎడ్వర్డ్ శార్వరి సంవత్సరం చివరలో, 1901 జనవరిలో, గద్దెనెక్కి సాధారణ అనే పేరుగల సంవత్సరం మొదట్లో, 1910 మేలో, కన్నుమూశాడు. అంటే ప్లవ, శుభకృతు, శోభకృతు, క్రోధి, విశ్వావసు, పరాభవ, ప్లవంగ, కీలక, సౌమ్య అన్న పేర్లలో ఏది కనిపించినా ఆ మేడ ఎడ్వర్డ్ కాలానిది కావచ్చు. మెట్రోపాలిటన్ కట్టిన 1905లో ఉగాదితో మొదలైంది విశ్వావసు. అయితే ఈ పేర్లు అరవయ్యేళ్ళకొకసారి తిరిగి వస్తాయి. విశ్వావసు 1845లోనూ ఉంది, 1965లోనూ ఉంది. పక్కన శాలివాహన శకం అంకె ఉంటే దానికి 78 కలిపితే చాలు: 1827 అని ఉంటే 1905. అంకె లేనప్పుడు కప్పును అడగాలి.

కప్పు చెప్పే సాక్ష్యం

ఈ పరిశీలనలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. కింది అంతస్తులో కొట్టు దీపాలు ఆర్పించి, టార్చిని కప్పుకు సమాంతరంగా, దాదాపు ఆనించినట్లు పట్టుకుని వెలుగు పక్కనుంచి పడేలా చూడాలి. నేరుగా వేసిన వెలుగులో చదునుగా కనిపించిన ఉపరితలం పక్క వెలుగులో ప్రతి గరుకునూ నీడతో చూపిస్తుంది.

దూలాలు టేకువై, వాటి మీద అడ్డంగా దగ్గరదగ్గరగా కర్రలు పరిచి, ఆ కర్రల మీద సన్నని చిన్న ఇటుకలు ఏటవాలు వరుసల్లో నిలువు అంచున పేర్చి ఉంటే అది మద్రాసు మిద్దె. వాటి పైన మూడు నాలుగు అంగుళాల మందాన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన గచ్చు ఉంటుంది. ఆ గచ్చును బెల్లం, కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు చల్లుతూ, చెక్క తాపులతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచేవారు. చివర పలుచని పెంకులు పరిచి సున్నంతో అతుకులు మూసేవారు. అలా కాక, ఇనుప దూలాల నడుమ చిన్న చిన్న ఇటుక కమానులు అలల్లా వరుసగా సాగితే అది కలకత్తాలోనూ కనిపించే పద్ధతి. ఒకే మేడలో కొట్టు మీద ఇనుము, వెనుక నివాసపు గదుల మీద టేకు ఉండడం కూడా జరుగుతుంది. రెండూ కలిసే గోడ దగ్గర ఇటుకల కొలత మారితే, ఆ మేడ రెండు విడతల్లో కట్టినదని అనుమానించాలి.

ఇనుప దూలమైతే దాని నడుము మీద తయారీలోనే ఉబ్బెత్తుగా అచ్చుపడిన అక్షరాల కోసం వెదకండి. మా మేనమామ గారి బట్టల కొట్టులో ఏళ్ళకేళ్ళు వేసిన వెల్ల పొరల కింద ఒక దూలం మీద గుండ్రని బొడిపెల్లాంటివి కనిపించాయి. మామయ్య స్టూలు పట్టుకుంటే నేను ఎక్కి, దూలానికి తగలకుండా టార్చిని అడుగునుంచి చూపాను. మొదట "లాంగ్" అన్న అక్షరాలు, తరువాత "మిడిల్స్‌బ్రో", చివర "ఇంగ్లండ్" అన్నవి నీడల్లో నుంచి ఒక్కొక్కటిగా తేలాయి. ఇంగ్లండు ఈశాన్యాన ఉన్న మిడిల్స్‌బ్రోలో డోర్మన్ లాంగ్ కంపెనీ తయారుచేసిన దూలం అది. నలభై ఏళ్ళుగా ఆ దూలం కిందే గద్దె మీద కూర్చున్న మామయ్య, "ఇన్నాళ్ళూ నా నెత్తి మీదే ఉందిట్రా ఇది" అంటూ చాలాసేపు తల దించలేదు.

ఈ అచ్చు కాలనిర్ణయానికి పనికివస్తుంది. జంషెడ్‌పూర్‌గా 1919లో పేరు మారిన సాక్చిలో టాటా కర్మాగారం మొదటి ఉక్కు దిమ్మను పోసింది 1912 ఫిబ్రవరిలో. కాబట్టి టాటా అచ్చు ఉన్న దూలం అంతకు ముందుది కాజాలదు. ముఖపట్టం మీద విశ్వావసు అని ఉండి, దూలం మీద టాటా అచ్చు ఉంటే ఆ కప్పు తరువాత మార్చినదని అర్థం. ఇంగ్లండు అచ్చు అంత ఖచ్చితంగా చెప్పదు, ఎందుకంటే ఆ దూలాలు తరువాత కూడా చాలా ఏళ్ళు దిగుమతి అవుతూనే ఉన్నాయి. మా ప్రాంతానికి 1893–1896 మధ్య తూర్పు తీర రైలుమార్గం వచ్చింది. పొడవైన దూలాలను లోపలి బజార్ల దాకా మోయడం ఆ తరువాతనే సులువైంది. వెనుక వసారాకు పెంకుల కప్పు ఉంటే, ఊడిన పెంకు ఒకటి తిరగేసి అడుగున ఉన్న కంపెనీ పేరు రాసుకోండి. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో మొదలుపెట్టిన పెంకుల పరిశ్రమను చూసి తరువాత ఎన్నో కార్ఖానాలు వెలిశాయి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ముద్ర ఉండేది.

గోడను ముట్టుకునే ముందు

లండన్‌లో రాతితో చేసిన అలంకారాన్ని మన దేశంలో చాలాచోట్ల ఇటుక మీద సున్నపు పూతతో చేశారు. రాతి దిమ్మల మధ్య అతుకుల్లా కనిపించే గీతలు పూత పచ్చిగా ఉన్నప్పుడు బద్ద ఆనించి గీసినవే. దీన్ని మోసంగా కాక మేస్త్రి పనితనంగా చూడాలి. ఆ గీత మూల తిరిగేచోట ఎంత నిక్కచ్చిగా కలిసిందో చూస్తే చేసినవాడి చెయ్యి తెలుస్తుంది. పూత ఊడిన చోట ఇటుకల వరుసను గమనించండి. ఒక వరుసలో ఇటుకల పొడవు వైపులు మాత్రమే, దాని పై వరుసలో పొట్టి తలలు మాత్రమే కనిపిస్తే అది ఇంగ్లీషు కట్టు. పది వరుసల ఎత్తు కలిపి ఒకేసారి కొలిచి రాసుకోండి. విడిగా ఒక్కొక్క ఇటుక కొలిస్తే తప్పు పెరుగుతుంది. రక్షిత కట్టడమైతే ఎక్కడా గీకకూడదు. అప్పటికే ఊడి కింద పడిన పెచ్చును చేతిలోకి తీసుకోండి. గోటికి రాలుతూ, తెల్లగా, లోపల ఎర్రని ఇటుక పొడి కనిపిస్తే అది సున్నం. బూడిద రంగులో ఉండి మేకుకు కూడా లొంగకపోతే అది తరువాత పూసిన సిమెంటు.

మా ఇంటి సంగతి ఇక్కడ చెప్పాలి. 2013 అక్టోబరులో గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపానుకు మా తాతగారి మేడ వీధిగోడ తడిసి, పూత అక్కడక్కడ ఊడింది. గట్టిగా ఉంటుందని నమ్మి ఒక కంట్రాక్టరు చేత గోడ పొడవునా సిమెంటు పూయించాము. రెండు వానాకాలాలు గడిచేసరికి లోపలి వైపు మోకాలెత్తు దాకా ఉప్పు పొంగి, వెల్ల పొక్కులు కట్టి, ఇటుక ముఖమే పొడిగా రాలడం మొదలైంది. పునాదినుంచి పైకి పాకే చెమ్మ ఇదివరకు సున్నపు పూతలోంచి మెల్లగా ఆరిపోయేది. బయట సిమెంటు దారి మూసేసరికి అది లోపలికి తిరిగి, తనతో తెచ్చిన ఉప్పును ఇటుకలోనే వదిలింది. తరువాత పిలిపించిన ముసలి మేస్త్రి గోడ మీద అరచెయ్యి ఆనించి, "దీనికి చెమట పోసే దారి మూసేశారు బాబూ" అన్నాడు. ఆ సిమెంటు తీయించడంలో పాత ఇటుకల ముఖాలు కూడా దానితోపాటే ఊడి వచ్చాయి, అవి ఇక తిరిగి రావు.

అందుచేత జబ్బులను రాసేటప్పుడు మచ్చ ఎక్కడ ఉందో దానితోపాటు దానికి దారి ఎక్కడిదో కూడా వెదకాలి. గోడ అడుగున వరుసగా తడి ఉంటే వీధి మట్టం పెరిగి అరుగును మింగిందేమో చూడండి. మన పాత బజార్లలో రోడ్డు మీద రోడ్డు వేయడం వల్ల ఇది మామూలైంది. పైన మూలలో తడి ఉంటే పిట్టగోడ దగ్గర నీటిగొట్టం మూసుకుపోయి ఉండవచ్చు, లేదా రావి మొక్క వేరు దిగి ఉండవచ్చు. ఇటుక కమానుల కప్పులో దూలం వెంట తిన్నని చీలిక కనిపిస్తే దాన్ని చిన్నదిగా చూడకండి. ఇనుము తుప్పు పడితే తన అసలు పరిమాణానికి కొన్ని రెట్లు ఉబ్బుతుంది, ఆ ఉబ్బే పక్కనున్న ఇటుకను చీలుస్తుంది. సముద్రపు గాలి తగిలే మా వైపు ఇది మరీ తొందరగా జరుగుతుంది. అలాంటి చీలికకు ఇరుపక్కలా పెన్సిలుతో రెండు చుక్కలు పెట్టి, వాటి మధ్య దూరం, తేదీ రాసుకుని, ఆర్నెల్లకు మళ్ళీ కొలవాలి. దూరం పెరిగితే ఇంజనీరును పిలవాలి. మద్రాసు మిద్దె కారుతోందని దాని మీద కాంక్రీటు పోయించడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి; టేకు దూలం మీద బరువు పెరుగుతుంది, కింద చిక్కిన చెమ్మకు కర్ర తల గోడలోనే కుళ్ళుతుంది.

కొలతలు, కాగితాలు

గదిని కొలిచేటప్పుడు నాలుగు గోడలతోపాటు రెండు ఐమూలలు కూడా కొలవాలి. ఐమూలలు లేకపోతే గీతలో ప్రతి గదీ చక్కని దీర్ఘచతురస్రంగా వస్తుంది, నిజంలో పాత మేడలో ఒక్క గదీ అలా ఉండదు. మీటర్లలో రాసినా పక్కన అడుగులు, అంగుళాలు కూడా వేయండి. కట్టినవారు అంగుళాల్లో ఆలోచించారు కనుక పద్దెనిమిది అంగుళాల గోడ, పన్నెండడుగుల ఎత్తు వంటి గుండ్రని అంకెలు అప్పుడే బయటపడతాయి. ముఖభాగాన్ని ఫోటో తీసేటప్పుడు ఫోను వంచకుండా, ఎదుటి మేడ మొదటి అంతస్తునుంచి తీయగలిగితే గీతలు వాలకుండా వస్తాయి.

కాగితాలలో అన్నిటికంటే విలువైనవి ఇంట్లోనే ఉంటాయి. మద్రాసు రాజధాని కాలపు దస్తావేజులు మన కుటుంబాల పెట్టెల్లో తెలుగులో రాసినవే దొరుకుతాయి. వాటిలో నాలుగు దిక్కుల హద్దులు చెప్పే వాక్యాలు పక్కింటివారి పేరు, వృత్తి, అప్పటి వీధి పేరు కూడా చెబుతాయి. చిట్టా పుస్తకాల్లో సున్నం, ఇటుక, కూలి కింద రాసిన పద్దులు కనిపిస్తే ప్రతి పేజీ ఫోటో తీసుకోండి. ప్రభుత్వ పత్రాలకు 1936కు ముందువైతే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ, తరువాతివైతే భువనేశ్వరంలోని ఒడిశా ఆర్కైవ్స్‌లోనూ వెదకాలి.

రక్షణ గురించి ఒక్క మాట. కేంద్ర పురావస్తు శాఖ 1958 నాటి చట్టం కింద కాపాడేవి ఎక్కువగా గుళ్ళు, కోటలు, శిథిలాలు. నగరాల్లో నేటికీ వ్యాపారం సాగుతున్న మేడలు సాధారణంగా ఆయా నగరపాలికల వారసత్వ పట్టికల్లో చేరతాయి. బొంబాయికి ఇటువంటి నియమాలు 1995లోనే వచ్చాయి, కలకత్తా నగరపాలిక కూడా భవనాలను శ్రేణులుగా విడదీసి పట్టిక నడుపుతోంది. పై శ్రేణి భవనంలో బయటి ముఖాన్ని మార్చడం దాదాపు కుదరదు, కింది శ్రేణుల్లో అనుమతితో కొంత సడలింపు ఉంటుంది. మీ వీధి మేడ ఏ పట్టికలోనూ లేకపోతే నిరాశ పడనక్కరలేదు. పట్టికలో చేర్చమని అడిగేవారి చేతిలో ఉండవలసింది మీరు ఇప్పుడు తయారు చేసిన ఈ కొలతలు, ఫోటోలు, దస్తావేజుల నకళ్ళే. వారసత్వ కట్టడాల రక్షణకు 1984లో ఏర్పడిన ఇంటాక్ సంస్థకు ఒడిశాలోనూ శాఖ ఉంది. పని పూర్తయ్యాక వారిని కలవవచ్చు.

పుస్తకంలో ప్రతి పేజీ అడుగున తేదీ వేసి, చూసినవారి పేరు రాయండి. ఒక నకలు యజమానికి, ఒకటి కింది కొట్టువారికి ఇవ్వండి. మరమ్మతుకు మేస్త్రి వచ్చిన రోజున అక్కడ ఉండేది వారే. వానలు మొదలయ్యాక అదే టార్చి పట్టుకుని, పెన్సిలు చుక్కలు పెట్టిన చీలిక దగ్గరికి మళ్ళీ వెళ్ళండి.